చెక్కబూటులో చిల్లర

పదిరోజుల బఠాణీ మొలకలు కోశాను పొద్దున.
కత్తెర, మంచు బకెట్టు, నాలుగు డిగ్రీల గది.
ఆకులు రుబ్బి, వడగట్టి, గిర్రున తిప్పితే
గొట్టం నడుమ పచ్చటి ఉంగరం తేలింది.
బతికున్న హరితరేణువులు.
వెన్నముద్దలా పట్టుకోవాలి, కాస్త కుదిపితే చస్తాయి.

వాటికి కావలసిన సరుకు చాలావరకు బయటే తయారవుతుంది.
వేల రకాల ప్రోటీన్లు
రెండు పొరలు దాటి లోపలికి రావాలి.
ఒక్కోదాని మొదట్లో చిన్న తోక ఉంటుంది.
తోక ముందుంటుందా అని నవ్వకండి,
చిరునామా చీటీ అనుకోండి పోనీ.

మా నాన్న గెర్బెన్
ఆపింగెదం దగ్గర కాలువ మీద వంతెన కాపరి.
పడవొస్తే చక్రం తిప్పి వంతెన లేపేవాడు,
గాలపుకర్రకి చెక్కబూటు కట్టి కిందికి దించేవాడు.
పడవవాళ్ళు అందులో చిల్లర వేసేవాళ్ళు.
ఆరేళ్ళదాన్ని, బూటు పైకొచ్చేదాకా
ఊపిరి బిగబట్టుకుని నిలబడేదాన్ని.
ఒకసారి అందులో ఉడికించిన గుడ్డు.
నాన్న పెంకు ఒలుచుకు తిని
పోనీలే పొమ్మన్నాడు.

ఈ గుమ్మం దగ్గర ఆ మొహమాటాలు లేవు.
ఫాస్ఫేటు తుంచి చేతిలో పెడితేనే కదలిక.
ఉండచుట్టుకుని వస్తే సందులో పట్టదు.
లేవని వంతెన కింద తెరకొయ్య పడుకోబెట్టినట్టు
మడతలన్నీ విప్పుకుని దారంపోగై రావాలి.
లోపలివాళ్ళు కొస అందుకుని లాగుతారు,
కొంచెం, ఇంకొంచెం.
పని కాగానే చీటీ కత్తిరించి పారేస్తారు.
దాటిందని నాకు తెలిసేది ఆ కోతవల్లే:
ఇటు నుంచి వెళ్ళినదానికన్నా
అటు చేరినది రవ్వంత పొట్టి.

ఇంకా లోపల మరో పొర ఉంది,
అందులో నేను పడి ఉన్న గుమ్మం.
అక్కడ కొన్ని
మడతపెట్టిన బట్టలా ఉన్నవి ఉన్నట్టే,
తెరకొయ్య నిటారుగా నిలబెట్టుకునే దాటిపోతాయి.
అంత లావువి వెళ్ళినా వెనక నీరు కారదు.
ఎలాగో ఎవరికీ పూర్తిగా తెలియదు.
పదకొండేళ్ళుగా నా జీతం
ఆ తెలియకపోవడంలోంచే వస్తోంది.

ఇప్పుడు కాలువల వంతెనలన్నీ
ఊళ్ళో ఒకే గదిలోంచి తెరలు చూస్తూ లేపుతున్నారు.
నాన్న బూటు నా బల్ల మీద ఉంది,
మార్కరు పెన్నులు పెట్టుకుంటాను.

రాత్రి తొమ్మిదింటికి ఆయన ఫోను.
"ఆ తలుపూ ప్రోటీనే అన్నావు కదా?"
"అవును."
"మరి దాన్ని పొరలో బిగించిందెవరు?"
"అంతకు ముందున్న తలుపు."
"దాన్ని?"
"దానికి ముందుది. విత్తనంలో ఉన్నది, ఆ విత్తనం కాసిన తీగలోది..."
కాసేపు ఆయన ఊపిరి మాత్రమే వినబడింది.
"మా వంతెనకి ముందు అక్కడ బల్లకట్టు ఉండేదట.
దానికి ముందు ఎవడో
మొలలోతు నీళ్ళలో దిగి నడిచుంటాడు.
వాడికెవడు తీసిపెట్టాడు తలుపు?"
నా దగ్గర జవాబు లేదు.
"నీ గీత వచ్చిందా మరి?" అన్నాడు.
చూడాలి అన్నాను.

చీకటిగదిలో ఎర్రదీపం.
బయట మిగిలిపోయినవాటిని ఎంజైము తినేసింది,
లోపలికి చేరినవి ఉంటే
మూడో గడిలో సన్నగా, నల్లగా, ఒక్క గీత.
ఇల్సే ఇంటికెళ్ళింది. గడియారం మోగింది.
తొట్టిలోంచి ఫిల్మును
మూల పట్టుకుని పైకి తీస్తున్నాను,
నీళ్ళు కారుతుండగా, ఊపిరి బిగబట్టి.
చిల్లరో,
గుడ్డో.