నేలకోట

దీనికి గుట్ట లేదు.
దుందుభి ఒడ్డున, సదరంగా ఉన్న చేన్ల నడుమ
కూసున్న కోట.
ఎత్తు లేని భయానికి
చుట్టూ అగడ్త తవ్వించుకున్నరు.
తవ్విన మట్టే గోడ అయింది.
అగడ్త ఎంత లోతో కోట అంత ఎత్తు.

మూడు నెలల సంది ఇక్కడ సున్నం కలుపుతున్న.
కరక్కాయలు నానిన నీళ్లు, నల్లబెల్లం, వాగు ఇసుక.
డంగుల రాతిచక్రం తిరిగినన్ని సార్లు
దున్నపోతు నిట్టూర్పు.

పోయినసారి కాంట్రాక్టరు సిమెంటు పూసిండు.
రెండు వానలకే పాతగోడ
పుండు మీది పక్కులెక్క రాల్చేసింది.
"గోడకు ఊపిరాడాలె" అంటది తహసీన్ మేడం.
గోడకు సరే.

ఉత్తరం బురుజు కింద పెచ్చు తీస్తే
ఒక చెయ్యి.
మట్టిల ఐదు వేళ్ల అచ్చు,
చిటికెన వేలు సగమే.
మా ముత్తాతల వెట్టి ఈ గోడ.
కూలి రాసిన కాగితం లేదు,
కూలే లేదు గనుక.
దొరల పేర్లు మాత్రం
గేటు కాడ రేకు మీద ఉన్నయి,
రెండు అచ్చుతప్పులతోని.
నాకు రోజుకు ఆరొందలు.

నా చెయ్యి ఆనిచ్చి చూసిన.
నాదానికంటె చిన్నది.
పిలగాడో, ఆడమనిషో.

"పూసెయ్, పొద్దుగూకే లోపల ఈ వరుస ఒడవాలె"
మేస్త్రి బుచ్చిలింగం కేక.

అచ్చు చుట్టూ పూసుకుంట పోయిన.
జానెడు జాగ వదిలిన.
వానొస్తే అక్కడే చెమ్మ ఊరుతది, తెలుసు.
రేపు మేడం అడిగితే
గోడకు ఊపిరాడాలె కద
అంట.