కన్నంలో మిగిలిన కంకులు

పల్లంకుర్రు పల్లపు చేలో, కోత రేపనగా,
గట్టుకి చెవి ఆనించి పడుకున్నాడు పోలయ్య.
లేవకుండానే చెయ్యెత్తాడు, మాట్టాడొద్దని.
నేను బీడీ ఆర్పేశాను, ఎందుకో తెలీదు.

ఇంటిపేరు ఇండ్ల. ఇల్లు లేదు.
సైకిలు, టార్పాలిను, చిల్లుకుండ, గునపం,
పెంచలమ్మ, ఆవిడ చంకలో పిల్ల.
అంతా కలిపి ఒక్క ట్రిప్పు.
తోకకింత అని బేరం.
కన్నంలో దొరికిన కంకులు తవ్వినోడివే,
ఆ మాట ఏ కౌలు కాయితంలోనూ రాయరు.

కుండలో పచ్చిగడ్డి, పిడక, నిప్పు.
కన్నానికి మూతి ఆనించి ఊదాడు.
గట్టు అవతల మూడు చోట్ల నేల పొగ వదిలింది.

తవ్వాక చూశాను.
మోచేతి లోతున ఒక గది.
నా కంకులే. ఒకే పొడవున కొరికి,
గింజలన్నీ ఒకవైపు, కాడలన్నీ ఒకవైపు.
మా ఆవిడ కూడా అంత పొందిగ్గా సర్దదు.
"గాదె" అన్నాను.
"మీరు ఈటి కాడే నేర్చుకున్నారేమో సామీ"
అన్నాడు పోలయ్య, తోక తెంపుతూ.

అవతల మురుక్కాలవ పక్క నివ్వరి.
ఏటా తిట్టుకుంటూ నేను పీకించే గడ్డి.
పెంచలమ్మ కింద చేట పట్టి
కర్రతో అలా తడితే చాలు,
ఎర్రటి మీసాల గింజలు జలజలా,
సగం చేటలో, సగం నీళ్లలో.
"ఎండెక్కితే ఉండదు సామీ. అదెవురికోసం ఆగద్ది?"

ఆగదు.
పండింది రాలిపోవాలి, బురదలో పడాలి,
నీళ్లతో పోయి ఎక్కడో లేవాలి. దాని బతుకది.

ఎప్పుడో ఎవరో ఒకావిడ. ఇక్కడ అనలేను,
ఇక్కడ అప్పటికి సముద్రం.
నేను నిలబడ్డ ఈ మడి
ఏ కొండ మీదో ఇంకా రాయిగానే ఉండి ఉంటుంది.
ఎగువన ఎక్కడో, ఒక మడుగు ఒడ్డున
ఆమె కంకి దులిపింది. కొన్ని రాలలేదు.
తల్లిని వదలని అవిటి గింజలు.
అడవిలో అయితే ఆ మొక్క కథ అంతటితో సరి.
ఆమె తుంచి ఒళ్లో వేసుకుంది.
అంతే. ఎవరూ డప్పు కొట్టలేదు.
మగాళ్లు దుప్పి దొరకలేదని తిట్టుకుంటూ వచ్చి
ఏదో ఇంత తాగి పడుకుని ఉంటారు.

మరుసటేడు గుడిసె వెనక, ఒలికిన చోట,
రాలని గింజ లేచింది.
కాపలా ఉండమంది. పిట్టని తోలమంది.
నీళ్లు కట్టమంది. పక్కవాడి గొడ్డుని కొట్టమంది.
హద్దురాయి అడిగింది.
అది రాలడం మరిచింది, మనం పోవడం మరిచాం.
ఎవరు ఎవర్ని పలుపుతో కట్టారో
నాకైతే ఇప్పటికీ తేలదు.

పోయిన వరదకి గౌతమి గట్టు దాటితే
పోలయ్య ముందురోజే వెళ్లిపోయాడు.
చీమలు గుడ్లు మోస్తుంటే చూశాట్ట.
నేను మూడు రాత్రులు అటక మీద
విత్తనాల మూట మీద కూర్చున్నాను.
పిల్లలు ఆకలని ఏడ్చారు. ముడి విప్పలేదు.
అందులో ఉన్నవి గింజలు కావు, వచ్చే ఏడు.
తినకూడని తిండిని ముందు ఎవరు కనిపెట్టారో గాని
పిల్లల ఏడుపు విన్న మనిషే అయ్యుంటుంది.

ఎకరానికి మక్తా పదహారు బస్తాలు.
ఎరువుల కొట్లో బాకీ వేరే.

పొద్దు వాలింది. ముప్పై నాలుగు తోకలు
గట్టు మీద వరసగా. డబ్బులిచ్చాను.
ఆఖరి కన్నం దగ్గర పోలయ్య చెయ్యి ఆగింది.
లోపల ఒక తల్లి,
చిక్కుడు గింజలంత, కళ్లు తెరవని పిల్లలు.
గుప్పెడు కంకులు అక్కడే వదిలి
మట్టి కప్పాడు, అరచేత్తో మెల్లగా అదిమి,
మా ఆవిడ బీరపాదు పెట్టినట్టు.
నేను చూశానని చూశాడు.
"మళ్లేటికి గూడా మేం రావాల గదా సామీ."

అది నా పంట. అరవాల్సింది.
నోరు పెగల్లేదు.
విత్తనం దాచడం మా వాళ్ల విద్యే అనుకున్నాను ఇన్నాళ్లూ.

మసకచీకట్లో సైకిలు వెళ్లింది.
గతుకు దగ్గర పెంచలమ్మ చేట కుదిలి
నాలుగు నివ్వరి గింజలు పుంత మీద పడ్డాయి.
ఎక్కడ పడ్డాయో గుర్తు పెట్టుకున్నాను,
మొలిస్తే పీకడానికి.
అందుకే అనుకుంటాను.