పురికొస

అమ్మేటప్పుడు వేలూరు డాక్టరు ఈ సంగతి చెప్పనే లేదు.
రెండే సీట్లు, నేలకు జానెడెత్తు,
గోవాలో తయారైన ఎర్ర బండి.
వెనక వెండి అక్షరాల్లో పేరు: స్టార్మ్.
తుఫానని పేరు పెట్టుకుని
తుంపరకే దడుసుకునే బండి
చిత్తూరు మొత్తానికి నాదొక్కటే.

దీని వైపర్లు వానను తుడవవు,
అద్దానికి పూస్తాయి,
పెళ్లిలో చందనం పూసే ముసలమ్మల్లా
ఈ చెంపకు కొంచెం, ఆ చెంపకు కొంచెం.
కుడిది కీచుమంటుంది.
ఎడమది సగం దాకా పోయి
ఏదో మరిచిపోయినట్టు ఆగి
ఇంటికి తిరిగొస్తుంది.

గిరింపేట షెడ్డులో ఎత్తిరాజులు
బానెట్టులో తల పెట్టి చాలాసేపు ఊరకుండి
"మోటారు బాగుండాది సార్, దానికి మనసే లేదు" అన్నాడు.
అంబాసిడర్ బ్లేడు పొడుగైంది.
ఆటో బ్లేడు పొట్టిదైంది.
వ్యాను బ్లేడు కోసి, తీగ చుట్టి బిగిస్తే
మూడో వానకే ఎగిరి
పాకాల దగ్గర ఏదో చెరువు మరవలో పడింది.

అప్పట్నుంచీ గేరు పక్కన
సగానికి కోసిన ఉర్లగడ్డ ఒకటి.
అద్దం మీద రుద్దితే నీళ్లు నిలవవంటారు.
నిజమే, ఆరు కిలోమీటర్లు నిలవవు.
"కూరకు తెచ్చిందంతా కారే తింటా ఉంది"
అంటుంది హంసవేణి. ఆ బండి ఎక్కదు.

కార్తీకం, వాయుగుండం, రాత్రి తొమ్మిదిన్నర.
రంగంపేట దాటి, భాకరాపేట కనుమకు ముందు
ఒక రెయిన్‌కోటు టార్చి ఊపింది.
హెడ్ కానిస్టేబుల్ చెంగల్రాయులు.
కిటికీలోకి తల వంచి
(నా బండికి చాలా వంచాల)
"వైపరు ఆడలేదే?"
"లేదు సార్."
"రోడ్డు ఎట్లా కనిపిస్తా ఉంది?"
"కనిపించలేదు సార్."
నిజం చెప్పేసరికి కాస్త తికమకపడ్డాడు.
చలానా రాయబోతే పుస్తకం నానిపోయి
నా పేరు నీలంగా కారి
ఆయన మణికట్టు దాకా పోయింది.
పుస్తకం మూసి, వేరే గొంతుతో,
"పీలేరు దాకా పోవాల. డ్యూటీ అయిపోయింది."

క్యారియరుకు కట్టుకున్న పురికొస విప్పింది ఆయనే.
"పోలీసు కాకముందు లారీ క్లీనర్ని సామీ."
రెండు వైపర్లకూ ముడేసి
ఒక కొస నా కిటికీలోంచి, ఒక కొస ఆయన కిటికీలోంచి.
నువ్వు లాగు.
నేను లాగుతా.
లాగు.
లాగినా.
మజ్జిగ చిలికినట్టు వానను చిలుకుతా
ఎక్కినాం కనుమ.

ఒక్కో లాగుకు విసనకర్రంత రోడ్డు
తెరుచుకుని మూసుకుంది.
అందులో ఒకసారి లారీ వెనక లైట్లు,
ఒకసారి రోడ్డుకు అడ్డంగా ఎర్రమట్టి నీళ్లు,
ఒకసారి విరిగిపడ్డ ఎర్రచందనం కొమ్మ.
దాన్ని ఆయన పోలీసులా చూశాడు,
ఒక లాగు తప్పింది,
ఇద్దరం గుడ్డిగా ఒక మలుపు తిరిగినాం.
ఆ తర్వాత చాలాసేపటికి,
"మీవైపు టమాటా ఎంత సార్?"
"పదీ పన్నెండు."
"లాగండి."

ఆయన ఎడమ భుజం తడిసింది, నా కుడి భుజం తడిసింది.
లోపలి భుజాలు రెండూ వెచ్చగా ఉన్నాయి.
ఆ బండిలో దూరంగా కూర్చునే చోటు లేదు.

పీలేరు బస్టాండు లైటు కింద దిగి
అరిచెయ్యి తెరిచాడు: పురికొస కోసిన ఎర్రగీత.
నాదీ తెరిచాను.
"ఆ ఫైను…" అన్నాను.
"పుస్తకం ఆరనీ" అన్నాడు.
నవ్వాడో లేదో ఆ వానలో తెలీలేదు.

పొద్దునకి ఎండ. అద్దం మీద
ఉర్లగడ్డ మరకలు తెల్లగా.
పురికొస ఎండి, బిగుసుకుని,
వైపర్లను అట్లే పట్టుకుని ఉంది.
టీ బంకు పిల్లోడు గ్లాసు ఇస్తా అడిగాడు,
"దారం కట్టినారే, ఏమన్నా మొక్కుబడా సార్?"
ముడి మీద గోరు పెట్టినవాణ్ణి
తీసేశాను.
"అవునబ్బోడా."