పదహారు పేజీల ఫారం

ఏలూరు రోడ్డు మీంచి పక్కసందులోకి తిరిగితే
జిరాక్సు కొట్టు వెనక మా ప్రెస్సు.
ముప్పయ్యేళ్లుగా నా పని మడత.
పురాణాలు, టెన్త్ గైడ్లు, శుభలేఖలు
ఏదైనా నా వేళ్లకి ఒకటే బరువు.

చదివింది ఐదో తరగతి.
అయినా పాండవుల కథ నాకు తెలిసినట్టు
హరికథ చెప్పే ఆయనకి తెలీదు.
ఆయనది ఒకటి తర్వాత రెండు.
నాది ఒకటి పక్కన పదహారు,
వాటి నెత్తిమీద తలకిందులుగా ఎనిమిది, తొమ్మిది.
మిషను దిగిన తడి కాగితం అలాగే ఉంటుంది,
మడత పడేదాకా కాలానికి వరస లేదు.

నా కథలో
ద్రౌపది ముందు జుట్టు ముడేసుకుంటుంది,
తర్వాత సభలోకి ఈడుస్తారు.
భీష్ముడు అంపశయ్య మీంచి లేచి
పడవ నడిపే పిల్లని అడగడానికి
తండ్రి తరఫున వెళతాడు.
"వద్దు స్వామీ, వెనక్కి పో" అని
ఎన్నిసార్లు కాగితానికి చెప్పానో.

ఆ ఎండాకాలం
కర్ణుడి కథ ఒక్కటీ చిన్న పుస్తకం వేశారు.
ఒకే ఫారం. ఐదువేల కాపీలు.

ఒకటో పేజీలో కుంతి ఏట్లో పెట్టె వదులుతుంది.
పదహారులో
చచ్చిన కొడుకు తల ఒళ్లో పెట్టుకుంటుంది.
పెట్టెకీ ఒడికీ మధ్య
నాలుగు వేళ్ల తెల్ల జాగా.
అంతే దూరం.
మడత పెడితే ఒకటి ముందుకీ, పదహారు వెనక్కీ పోతాయి.
ఒకే కాగితం, ఒకే వెన్ను,
ముఖాలు మాత్రం ఎడమొహం పెడమొహం.
పిన్ను దిగేది ఆ వెన్నులోనే.

ఐదువేల సార్లు
వెదురుబద్దతో గీసి విడదీశాను ఇద్దర్నీ.
కూలీ ఫారానికింతని ఇచ్చారు.

సిరా మెత్తిన షీటొకటి మిగిలితే
మెషిన్‌మ్యాన్ కోటిలింగం అన్నాడు:
"తీస్కెళ్లు నాంచారమ్మా, గిన్నెలు తుడుచుకో."
తుడవలేదు. సింగ్‌నగర్‌లో మా ఇంట్లో
మైదా ఉడకేసి అలమర తలుపు లోపల అంటించాను.
కందిపప్పు డబ్బా తీసినప్పుడల్లా
తల్లీ కొడుకూ పక్కపక్కనే.
మా ఇంట్లో వాళ్లని ఎవరూ మడవలేదు.

బుడమేరు పొంగిన ఏడు
పాలవాడి కంటే ముందు నీళ్లొచ్చాయి గుమ్మంలోకి.
మంచం మునిగింది. గ్యాసుబండ తేలింది.
పక్కింటి సువార్తమ్మ మనవరాలికి నలభై రోజులు.
గుడ్డలుతికే నీలం టబ్బులో
తుండు పరిచి పడుకోబెట్టాం.
ఈ అంచు సువార్తమ్మ,
ఆ అంచు ఆటో నడిపే నాగూరు,
మధ్యలో గొడుగుతో నేను,
మెడలోతు నీళ్లలో ఫ్లైఓవర్ దాకా.
పిల్లకి కవచం లేదు, కుండలాలు లేవు,
నెత్తిన ఒక ఊలు టోపీ.
దారంతా నిద్రపోయింది.

అప్పుడు తోచింది నాకు:
కుంతి పెట్టెకి
అవతలి అంచు పట్టుకోడానికి ఎవరూ లేకపోయారు.
పదహారు పేజీల్లో ఎక్కడా
ఈ ముక్క రాయలేదు.

తొమ్మిదో రోజు ఇంటికొచ్చాం.
గోడల మీద బురద గీత.
అలమర తెరిస్తే
షీటులో కింది వరస చెరిగిపోయింది,
పెట్టె లేదు, ఒడి లేదు,
మట్టిరంగు ఒకటే మిగిలింది.
పై వరస పొడిగా ఉంది.
ఎనిమిదో పేజీ, తలకిందులుగా,
నిండు సభలో కుర్రాణ్ణి నిలబెట్టి
నీదే కులం అని అడిగే పేజీ,
ఒక్క అక్షరం చెదరలేదు.
దానికి వరద అందలేదు.

పీకేద్దామనుకున్నాను.
ఇంటికి సున్నం వేయించినప్పుడు చూద్దాంలే అనుకున్నాను.
సున్నం వేయించనూ లేదు.

మొన్న ఆ పిల్ల దేక్కుంటూ వచ్చి
అలమర తలుపు పట్టుకుని లేచి నిలబడింది.
చేయి అందక మునివేళ్ల మీద సాగి
తడబడుతుంటే ఎత్తి చంకనేసుకున్నాను.
ఎనిమిదో పేజీని గోరుతో గీకుతోంది.
నేను వద్దనలేదు.