ఇరవై నాలుగో గుడ్డ

చెత్త పడవ మా దీవికి నెలకోసారి వస్తుంది,
అదీ సముద్రం ఒప్పుకుంటేనే.
మైతెన్ పుట్టిన మొదటి నెలలో
షెడ్డు వెనక తొమ్మిది నల్ల సంచులు పేరుకున్నాయి.
ఒకదాన్ని కుక్క చింపింది.
ముక్కుకి మఫ్లరు చుట్టుకుని
ఉబ్బిన డైపర్లని నేను పారతో ఎత్తిపోస్తుంటే
రొసెండా గుమ్మంలో నిలబడి అడిగింది:
"ఇదంతా మన పిల్లేనా?"

కాస్ట్రోలో దుకాణం ఆవిడ గంటసేపు చెప్పింది.
గుండీలవి, జేబులవి, వెదురు నారవి,
నక్కల బొమ్మలు అచ్చేసినవి.
రొసెండా నక్కల దగ్గర ఆగిపోయింది.
నేను ఒక్కోదాన్ని గుప్పిట్లో పిండి చూశాను,
పడవ తాడు కొనేటప్పుడు చూసినట్టు:
ఎంత నీళ్ళు తాగుతుంది,
ఎంతసేపటికి వదులుతుంది.
ఆరు పొరలు కలిపి కుట్టింది
మా చిలోయె వానల్లో ఆరేసరికి
పిల్లకి పెళ్ళీడు వస్తుంది.
అందుకని ఒంటిపొర చదరాలు, రెండు డజన్లు.
మడిస్తే మందం, విప్పితే గాలి.
నక్కలది కూడా ఒకటి కొన్నాం.
అది వేరే సంగతి.

పైన తొడగడానికి
రొసెండా మేనత్త ఉన్ని లాగు అల్లిచ్చింది,
గొర్రె జిడ్డు పోని నూలుతో.
"దీన్ని రోజూ ఉతక్కు. గాలికి వేలాడదియ్యి, చాలు."
నమ్మకం కుదరక వాసన చూశాను.
వానలో తడిసిన గొర్రె.
అంతకుమించి ఏమీ లేదు.

పన్నెండేళ్ళుగా ఆల్చిప్పల తాళ్ళు ముడివేసిన చేతులు
ఒక్క పిన్నీసు ముందు వణికాయి.
మొదటి రాత్రి
పాప, నేను, దుప్పటి,
ముగ్గురికీ ఒకటే తడి.
ఆడపిల్లకి మడత మందం మధ్యలో పడాలట.
ఆ మాట మనిషెవరూ చెప్పలేదు,
పరుపు చెప్పింది.

మెత్తగా ఉంటాయని ఒకసారి
ఉతికాక వాసన నీళ్ళలో ముంచాను.
గుడ్డలు అలిగాయి.
బాతు వీపు మీద నీళ్ళలా
ఉచ్చంతా జారిపోయింది.
మూడుసార్లు మరిగిస్తేగానీ
మళ్ళీ నాతో మాట్లాడలేదు.

కట్టెల పొయ్యి మీదుగా దండెం కట్టాను.
జూన్, జూలై,
తలెత్తితే గుడ్డలు, తల దించితే గుడ్డలు.
సూప్ తాగుతుంటే గిన్నెలో ఒక చుక్క పడేది.
ఏ చుక్కో అడగొద్దని మా ఇద్దరి మధ్య ఒప్పందం.
పాప పిర్రలకి
పొగబెట్టిన చేపల వాసన.

ఆగస్టులో ఒక రోజు ఎండొచ్చింది.
పని మానేసి అన్నీ బయట ఆరేశాను.
సబ్బుకి లొంగని పసుపు మరకల్ని
ఎండ మెల్లగా నాకేస్తుంటే
కుర్చీ వేసుకుని చూశాను, సినిమా చూసినట్టు.
సాయంత్రం గాలి లేచింది.
పరిగెత్తి తెచ్చి లెక్కపెడితే
ఇరవై మూడు.

నాలుగో రోజు
దోన్యా ఎర్మిందా వచ్చింది, మూట పట్టుకుని.
మూటలో నీలి బంగాళాదుంపలు.
మూట గుడ్డ మాది.
"మా కంచెకి చిక్కింది. ఒట్టి గుడ్డ ఎలా తెచ్చివ్వను?"

కూచుని చెప్పింది:
ఎనిమిదిమంది పిల్లలు, అందరికీ పిండి సంచులే చింపి కట్టిందట.
మిల్లు అచ్చు ఎంత ఉతికినా పోయేది కాదట.
"మా రెండోవాడి పిర్ర మీద
'మొదటి రకం' అని ఉండేది.
ఇప్పుడు నౌకాదళంలో ఉన్నాడు.
టోపీ పెట్టుకుని ఫొటో పంపిస్తాడు.
నాకు మాత్రం ఆ అక్షరాలే కనబడతాయి."

నవ్వు ఆగాక
పొయ్యి పైకి చూసి అడిగింది,
"ఎవరు ఉతుకుతారు ఇవన్నీ?"
"నేనే."
మాట్లాడలేదు.
నా చెయ్యి తిప్పి వేళ్ళ సందులు చూసింది,
సోడా తిన్న చోట్లు.
తర్వాత బుట్ట దగ్గరికి లాక్కుని
ఒక్కొక్కటీ మడవడం మొదలెట్టింది.
మూల మీద మూల, మధ్యకో మెలిక.
కళ్ళు కిటికీ బయట, వేళ్ళు మాత్రం బుట్టలో.
ఎనిమిదిమందిలో ఎవరిని మడుస్తోందో.

ఇప్పుడు నాదీ ఆ మడతే.

దుంపల మట్టి అంటిన గుడ్డ తెల్లబడలేదు.
రెండు ఎండలు చూసింది, లొంగలేదు.
నేల తుడవడానికి తీసేద్దామంటుంది రొసెండా.
నేను తలూపుతాను.
దాని వంతు రాగానే తీసి
పాప కింద పరుస్తాను,
మట్టి వైపు నాకు కనబడేలా.