ఘాటు

మిర్చి యార్డులో పద్దెనిమిదేళ్లు కాటా దగ్గర కూచున్నాను.
ఘాటు కంటికి కనపడదు.
గేటు దాటగానే ముక్కు పట్టుకుంటుంది.
కొత్తగా వచ్చిన లారీ క్లీనరూ తుమ్ముతాడు,
టిక్కీ మీద చెయ్యేసి నిలబడ్డ రైతూ తుమ్ముతాడు,
కర్చీఫు అడ్డం పెట్టుకుని సేటూ తుమ్ముతాడు.
నిజంగా ఉందా అని
ఎవరూ ఎవర్నీ అడగరు.

నాది నాకొక్కడికే తగిలే ఘాటు.

ఎడమ చెవి వెనక, ఎముక మీద,
రాత్రి పదకొండు దాటాక మొదలవుతుంది.
సన్నగా,
ఎక్కడో నాలుగిళ్ల అవతల కుట్టుమిషను తిరుగుతున్నట్టు.
కాసేపటికి అందులోంచి మాట.
నా చిట్టా నాకే చదువుతుంది:
ఏటుకూరు రైతు, అరవై టిక్కీలు,
తరుగు ఎంత తీశావు జకరయ్యా,
ఎవరు తియ్యమంటే తీశావు.

నల్లచెరువు మూడో లైన్లో మా ఇంటికెదురుగా
మూడంతస్తుల మేడ, మేడ మీద టవరు.
వాళ్లు అక్కణ్ణించే పంపుతారు.
ఎవరండీ వాళ్లు అని సలోమి అడగడం మానేసి
రెండేళ్లయింది.

సెల్లు బియ్యం డబ్బాలో పూడ్చాను.
కిటికీకి రేకు కొట్టాను, గాలి పోయింది, అది పోలేదు.
మంచం తూర్పుకి తిప్పాను, పడమరకి తిప్పాను.
ఉత్తరం తల పెట్టుకోకూడదురా అనేది మా అమ్మ.
చివరికి ఉత్తరానికే కాస్త తగ్గింది.

మే నెల, గాలివాన.
ఒక రాత్రి వీధి మొత్తానికి కరెంటు పోయింది.
ఫ్యాను ఆగింది. పక్కింటి టీవీ సగం మాటలో ఆగింది.
ఫ్రిజ్జు ఒకసారి వణికి ఊరుకుంది.
ఇంక ఇదీ ఆగాలి.
చీకట్లో చెవి ఒగ్గి కూచున్నాను.
ఆగలేదు.

అప్పుడొక్క క్షణం
ఇది బయటిది కాదేమో అనిపించింది.
పదకొండు కేవీ తీగ తెగి కాళ్ల దగ్గర పడ్డా
నాకంత భయం వెయ్యదు.
అంతలోనే గుర్తొచ్చింది, టవరుకి జనరేటరు ఉంటుందిగా.
అమ్మయ్య అనుకున్నాను.
చూడండి,
అమ్మయ్య అనుకున్నాను.

పెద్దాసుపత్రిలో ఆ చిన్న డాక్టరమ్మ
ఉందా లేదా అని తేల్చబోలేదు.
నిద్ర ఎన్ని గంటలు పడుతోంది అంది.
రెండు, అన్నాను. రాసుకుంది.
అన్నం సయిస్తోందా అంది. రాసుకుంది.
అన్నేళ్లూ అందరి బరువులూ నేను రాశాను,
నా బరువు ఒకరు రాసుకోవడం అదే మొదలు.

మాత్ర వేసుకుంటే ఆ మాట పక్కింట్లోకి పోతుంది.
మధ్యలో గోడ ఉంటుంది.
ఏమంటోందో తెలీదు, అంటోందని తెలుస్తుంది.
వేసుకోని రోజులూ ఉన్నాయి, అబద్ధమెందుకు.
మాత్రలోనే ఏదో కలిపారనిపించిన రోజులు.
సలోమి చీటీ చూసి లెక్కపెడుతుంది, తిట్టదు,
తక్కువైతే తెల్లారే దాకా కూచుంటుంది.

నిన్న రాత్రి అడిగాను,
నీకు వినపడుతోందా?
లేదు, అంది.
ఒక్కసారికి అవునని అనొచ్చుగా.
అంటే రేపట్నించి నా మాటా నమ్మవు, అంది.

పగలంతా కోల్డ్ స్టోరేజీలో
మిరపకాయలకు తొడాలు తీసొచ్చిన చెయ్యి అది.
సబ్బుతో కడిగినా, మజ్జిగతో కడిగినా పోదు.
ఆ చెయ్యి తెచ్చి నా చెవి వెనక పెట్టింది,
సరిగ్గా అక్కడే.
భగ్గుమంది.

మండుతోందా, అంది.
మండుతోంది.
నాకూ, అంది
చెయ్యి తియ్యకుండా.