ఆవిరి ఎక్కడ ఆగుతుంది

తెల్లగా లేచేదంతా ఆవిరి కాదు.
ఈ ఒక్క మాట ఒంటబట్టడానికి
నాకు రెండు చలికాలాలు పట్టింది.

ఆవిరి ఉన్నట్టుండి చచ్చిపోతుంది.
గాలిలో గీత గీసినట్టు, అక్కడితో సరి.
పొగ అలా కాదు,
పలచబడుతుంది, పక్కకు ఒరుగుతుంది,
అప్పు ఎగ్గొట్టేవాడిలా సందులు మారుతూ
కనుచూపు చివరిదాకా పోతుంది.
సూర్యుణ్ణి వీపున పెట్టుకుని నిలబడాలి.
మొదలు కాదు, తోక చూడాలి.

నా పేరు ద్రహోమీరా. ఊరు ఓస్ట్రవా.
పని, తలుపులు లెక్కపెట్టడం.
అరవైనాలుగు కోక్ పొయ్యిలు,
అరలో నిలబెట్టిన పుస్తకాల్లా ఒకదాన్నొకటి ఆనుకుని.
ఒక్కోదానికి ముందొక తలుపు, వెనకొకటి.
లోపల బొగ్గు పద్దెనిమిది గంటలు
గాలి సోకకుండా మగ్గుతుంది.
మండనివ్వరు దాన్ని. మండితే బూడిదే.
ఊపిరి బిగబట్టి మగ్గితేనే కోక్.
అది బిగబట్టిన ఊపిరి
మా ఊపిరిలో కలవకుండా చూసినందుకు
నాకు జీతం.

నాన్న కాలంలో తలుపు అంచులకు
తడిమట్టి మెత్తేవారు, చేత్తోనే.
ఆదివారం చర్చిలో కూడా
ఆయన గోళ్ళ కింద ఆ మట్టి ఉండేది.
ప్రార్థన మధ్యలో ఆయన దగ్గు ఉండేది.
ఇప్పుడు స్ప్రింగులొచ్చాయి, ఉక్కు అంచులొచ్చాయి.
అయినా నిన్నటి తారు గీకకుండా మూస్తే
కొత్త స్ప్రింగు మాత్రం ఏం చేస్తుంది?

జనవరి. లోయ మీద వెచ్చటి గాలి
మూతలా పడి మూడు రోజులు.
కింద చలి. చలిలో మేము.
బడి పైకప్పు మీద బెంజీన్ కొలిచే పెట్టెలో
అంకె పొద్దుటినుంచి ఎక్కుతూనే ఉంది.
పిల్లల్ని ఆటకు వదలలేదు.
అంకె అబద్ధం చెప్పదు,
కాని గంట ఆలస్యంగా చెబుతుంది,
ఏ తలుపో అసలే చెప్పదు.

అందుకు నేను.

ముప్పైఏడు దగ్గర ఆగాను.
తలుపు పైమూల నుంచి
పసుపుపచ్చని దారం ఒకటి,
ఎవరో లోపలినుంచి లాగి వదులుతున్నట్టు.

"ఆవిరే అది" అన్నాడు ఫోర్‌మన్ జ్బినెక్, అటు చూడకుండానే.
"పది నిమిషాలాగు. తారు గడ్డకట్టి
దానంతటదే మూసుకుంటుంది."

నిజమే, మూసుకుంటుంది.
తలుపు తన తప్పును తనే అతికేసుకుని
ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది.
అందుకే నేనెప్పుడూ
ఆ పది నిమిషాల ముందే వస్తాను.

తోక కోసం చూశాను.
పైపుల వంతెన దాటింది.
కోక్ చల్లార్చే గోపురం దాటింది.
రైలుపట్టాల అవతల
క్వేతా వాళ్ళ పెరటి వైపు తిరిగింది.
ఆమె ఆరుబయట దుప్పటి ఆరేసి
పదకొండేళ్ళు.

రాశాను:
ముప్పైఏడు. ముందువైపు. కారుతోంది.

"నాలుగోది" అన్నాడు జ్బినెక్.
ఐదైతే ఈ నెల వాళ్ళ షిఫ్టుకు బోనస్ లేదు.
అది నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు.
వాళ్ళలో ఇద్దరికి ఇంకా పాలు తాగే పిల్లలు.
ఆ పిల్లలకూ ఊపిరితిత్తులున్నాయని
నేను పైకి అనలేదు.
ఆయన గీకుడు ఇనుము భుజాన వేసుకుని
నా వెనకే నడిచాడు. కోపంగానో, పనిగానో.
నలభైరెండు దగ్గర ఆగి,
నేను అడక్కుండానే, అంచు గీకాడు.
నల్లటి పెచ్చులు మంచు మీద పడ్డాయి.

మిగిలినవన్నీ నడిచాను.
కాళ్ళకింద ఇటుక వేడి, ముక్కు మీద మంచు.
చిట్టచివరి తలుపు ముందు
తెల్లగా ఏదో లేచింది.
ఐదోది.
పెన్సిలు ఎత్తాను కూడా.

కాని అలవాటు, తోక చూడాలి కదా,
నిలబడి చూశాను.
జానెడు దూరం పోయి
ఉన్నట్టుండి ఆగిపోయింది.

నా ఊపిరే.